నల్లా నీళ్లే... తాగొచ్చా?

హన్మకొండ నుంచి అమెరికా వెళ్లే అమ్మల సూట్‌కేసులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఆవకాయ, కారప్పొడి, సకినాలు, వాము, మిరియాలు, బాలింత పథ్యానికి కావాల్సిన సామాను. నాన్నల చేతిసంచిలో మాత్రం ఈమధ్య ఓ కొత్త వస్తువు చేరింది. పెన్ను సైజులో ఉండే టీడీఎస్ మీటరు. నీళ్లలో ముంచితే చాలు, అంకె చూపిస్తుంది. ఆ అంకె చిన్నదైతే మంచి నీళ్లు, పెద్దదైతే చెడ్డ నీళ్లు అని మనవాళ్ల లెక్క.

కూతురి పురుటికని న్యూజెర్సీ వెళ్లిన ఓ జంటను ఊహించుకోండి. మొదటిరోజు పొద్దున్నే కూతురు వంటింటి నల్లా తిప్పి, గ్లాసు నింపుకొని గటగటా తాగేసింది. అమ్మ గుండె జారిపోయింది.

''ఏంది బిడ్డా! గివి నల్లా నీళ్లు గాదా? కాగబెట్టకుండనే తాగుతున్నవా?''

''ఇక్కడ అందరు గివే తాగుతరమ్మా. ఏం గాదు.''

ఈలోపు నాన్న మీటరు ముంచి చూశాడు. ''240 చూపిస్తుంది. మనింట్ల ఆర్వో నీళ్లు 50 దాటవు'' అని పెదవి విరిచాడు. ఇక లాభం లేదని అమ్మ ఓ నిర్ణయానికొచ్చింది. పసిదానికి డబ్బాపాలు కలిపే నీళ్లు తనే స్వయంగా కాచి చల్లార్చాలని. తొందరగా కాగుతాయి కదా అని వేడినీళ్ల నల్లా తిప్పి గిన్నె నింపింది. పది నిమిషాలు తెర్లనిచ్చి దించింది.

ముగ్గురిలో ఎవరిది ఒప్పు? చిత్రమేమిటంటే ముగ్గురికీ కొంత నిజం తెలుసు. ముగ్గురూ కొంత పొరబడ్డారు. అందులోనూ ఎంతో ప్రేమగా అమ్మ చేసిన పనే, కొన్ని పాత ఇళ్లలో అయితే, పసిబిడ్డకు అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదం. ఎందుకో తెలుసుకోవాలంటే నీళ్లు నల్లాదాకా వచ్చే దారిలో ఒకసారి నడిచి రావాలి.

తేడా ఎక్కడ మొదలవుతుంది?

అమ్మ అనుమానం ఊరికే పుట్టింది కాదు. కాకతీయులు చెరువులు తవ్వించిన గడ్డ మనది. నీటి విలువ తెలియక కాదు, నల్లాతో అనుభవం అలాంటిది. శ్రీరాంసాగర్ నుంచి, లోయర్ మానేరు నుంచి కాకతీయ కాలువ మీదుగా వచ్చే గోదావరి నీళ్లు ధర్మసాగర్, వడ్డేపల్లి లాంటి చెరువుల్లో చేరతాయి. అక్కణ్నుంచి ఫిల్టర్ బెడ్లకు వెళ్తాయి. పటిక కలిపి మడ్డిని అడుక్కి దించుతారు. ఇసుక పొరల్లో వడగడతారు. క్లోరిన్ కలుపుతారు. అమెరికాలో చాలా నగరాలు చేసేదీ స్థూలంగా ఇదే. అంటే శుద్ధి చేసే పద్ధతిలో మనకూ వాళ్లకూ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఏమీ లేదు.

తేడా అంతా ఫిల్టర్ బెడ్ గేటు దాటాక మొదలవుతుంది. మన పట్టణాల్లో నీళ్లు వదిలే వేళలుంటాయి. ఆ గంటో, గంటన్నరో అయిపోయాక పైపు ఖాళీ. భూమిలో ఉన్న పైపుకు ఎక్కడో ఓ చోట సన్నటి పగులు ఉండనే ఉంటుంది. పక్కనే మురికి కాలువ. పైపు నిండుగా ఉండి, లోపల ప్రెషర్ ఉన్నంతసేపూ పగుల్లోంచి నీళ్లు బయటికి కారతాయి తప్ప బయటివి లోపలికి రావు. ప్రెషర్ పడిపోయిందా, కథ తిరగబడుతుంది. బయటి మురికిని పైపు లోపలికి పీల్చుకుంటుంది. దానికితోడు మనలో కొందరు నల్లాకే మోటారు బిగిస్తారు. అది పీల్చేది మన వాటా నీళ్లను మాత్రమే కాదు, పగుళ్ల పక్కనున్న మురికిని కూడా. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో మంచినీళ్లలో మురుగు కలిసి ప్రాణాలే పోయాయి.

అలా వచ్చిన నీళ్లు సంపులోకి, సంపులోంచి మిద్దె మీది ట్యాంకులోకి, ట్యాంకులోంచి నల్లాలోకి. సంపు కడిగి ఎన్నాళ్లయిందో ఇంటాయనకే గుర్తుండదు. అందుకే మన ఇళ్లలో ఆర్వో మిషన్, వాకిట్లో ఇరవై లీటర్ల క్యాను, పొయ్యి మీద కాగే గిన్నె.

అమెరికాలోనో, బ్రిటన్‌లోనో, సింగపూర్‌లోనో నల్లా నీళ్లు తాగగలగడానికి మొదటి కారణం అక్కడి గాలి కాదు, మన్ను కాదు. వాళ్ల పైపు 24 గంటలూ నిండుగా, ప్రెషర్‌తో ఉంటుంది. ఆ నీళ్లలో చివరి ఇంటిదాకా కొద్దిగా క్లోరిన్ మిగిలే ఉంటుంది. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ నీళ్లలో ఏముందో చెప్పమని అడిగే హక్కు ప్రజలకు చట్టం ఇచ్చింది. ఈ మూడూ ఉన్నంతకాలం తాగొచ్చు. ఏ ఒక్కటి తప్పినా అమెరికా నల్లా అయినా ఒకటే, మన నల్లా అయినా ఒకటే.

ఏటా ఇంటికొచ్చే కాగితం

అమెరికాలో తాగునీటి భద్రత చట్టం 1974లో వచ్చింది. నీళ్లలో ఏ పదార్థం ఎంతకు మించకూడదో ఈపీఏ అనే పర్యావరణ సంస్థ నిర్ణయిస్తుంది. పాటించకపోతే శిక్షలుంటాయి. ఊరికి నీళ్లిచ్చే సంస్థ ప్రతి ఏడాదీ జులై 1 లోపు ఒక నివేదికను వినియోగదారులకు అందించాలి. నీళ్లు ఏ నదివి, ఏ చెరువువి, పోయినేడాది పరీక్షల్లో ఏం తేలింది, ఎక్కడ హద్దు దాటింది, అన్నీ అందులో ఉండాలి. దాని పేరు కన్స్యూమర్ కాన్ఫిడెన్స్ రిపోర్ట్. అపార్టుమెంట్లలో అద్దెకుండేవాళ్లకు నీళ్ల బిల్లు నేరుగా రాదు కాబట్టి చాలామంది మన పిల్లలు ఆ కాగితం మొహమే చూసి ఉండరు. ఊరి పేరుతో వెతికితే దొరుకుతుంది.

మన దగ్గరా ప్రమాణాలు లేక కాదు. బీఐఎస్ తాగునీటి ప్రమాణం 2012లో సవరించిన రూపంలో ఉంది. కానీ నీళ్లిచ్చే మున్సిపాలిటీలు దాన్ని పాటించి తీరాలన్న కట్టుబాటు చట్టంలో లేదు. తేడా అక్కడుంది.

అయితే చట్టం ఉన్నంత మాత్రాన నీళ్లు చెడిపోకుండా ఉంటాయా? 1993లో మిల్వాకీ నగరంలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి శుద్ధి కేంద్రాన్ని దాటుకొని నల్లాల్లోకి వచ్చింది. క్లోరిన్‌కు లొంగని రకమది. దాదాపు 4 లక్షల మందికి విరేచనాలు పట్టుకున్నాయి. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ అనే చిన్న ఊళ్లో పెద్ద వాన కురిసింది. పొలాల్లోని పశువుల పేడ ఊరి బావిలోకి చేరింది. క్లోరిన్ సరిగా కలపాల్సిన సిబ్బంది కలపలేదు, కలిపినట్టు రికార్డులు మాత్రం రాశారు. 5 వేల మంది ఉండే ఊళ్లో 2,300 మంది జబ్బుపడ్డారు. ఏడుగురు చనిపోయారు. విచారణ జరిగాకే నిజాలు బయటపడ్డాయి.

ఇంకో మాట. ఈ చట్టం ఊరుమ్మడి నీళ్లకే. ఊరి చివర విశాలమైన ఇల్లు కొనుక్కొని, పెరట్లో సొంత బోరు ఉన్నవాళ్లకు ఇది వర్తించదు. ఆ నీళ్లు పరీక్ష చేయించుకునే బాధ్యత ఇంటివాళ్లదే. చుట్టూ ఎరువులు చల్లే పొలాలుంటే నైట్రేటు ఎక్కువ ఉండే అవకాశముంది. అది పసిపిల్లల రక్తంలో ఆక్సిజన్ అందకుండా చేస్తుంది. పిల్లలు నీలంగా మారిపోతారు.

ఇంజిన్ భాగాలు తుప్పుపట్టినా...

ఇక సీసం సంగతి. అమ్మ తిప్పిన వేడినీళ్ల నల్లాకు దీనికి సంబంధముంది.

మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే ఊరుంది. అప్పట్లో దాదాపు లక్ష జనాభా. డబ్బు మిగులుతుందని 2014 ఏప్రిల్‌లో డెట్రాయిట్ నుంచి వచ్చే సరస్సు నీళ్లు ఆపేసి, తమ ఊరి నది నీళ్లు వాడుకోవడం మొదలుపెట్టారు. ఆ నది నీళ్లకు లోహాన్ని తినేసే గుణం ఎక్కువ. అలాంటి నీళ్లలో, పైపు లోపల పొర కట్టేందుకు ఓ మందు కలపాలి. కలపలేదు. దాంతో పాత సీసపు పైపుల్లోంచి సీసం కరిగి ఇళ్లలోకి వచ్చింది. జనం రంగు మారిన నీళ్ల సీసాలు పట్టుకొని సభలకు వెళ్లారు. ''మంచివే, తాగండి'' అన్నారు అధికారులు.

అదే ఏడాది అక్టోబరులో ఊళ్లోని జనరల్ మోటార్స్ కర్మాగారం ఆ నీళ్లు వాడడం ఆపేసింది. ఎందుకో తెలుసా? ఇంజిన్ భాగాలు తుప్పుపడుతున్నాయని! ఇనుముకు పనికిరాని నీళ్లను ఆ తర్వాత కూడా ఏడాదిపాటు పిల్లలు తాగారు. 2015 సెప్టెంబరులో మోనా హన్నా అటీషా అనే పిల్లల డాక్టరు రక్తపరీక్షల లెక్కలు ముందుపెట్టి, నీళ్లు మార్చాక పిల్లల ఒంట్లో సీసం పెరిగిందని నిరూపించింది. మొదట ఆమె మాటనూ కొట్టిపారేశారు. అక్టోబరులో మళ్లీ పాత నీళ్లకు మళ్లక తప్పలేదు.

సీసంతో చిక్కేమిటంటే రంగుండదు, రుచుండదు, వాసనుండదు. పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇంతవరకైతే ఫరవాలేదు అనే హద్దు పిల్లల విషయంలో లేదని వైద్యులు చెబుతున్నారు. అమెరికాలో కొత్త కట్టడాలకు సీసపు పైపులు వాడకూడదని 1986లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇళ్ల సంగతి? చాలాచోట్ల వీధి పైపు నుంచి ఇంట్లోకి వచ్చే ఆ పది ఇరవై గజాల గొట్టం ఇంకా సీసపుదే. న్యూజెర్సీలోని నెవార్క్‌లో 2019లో సీసం భయంతో నీళ్ల సీసాలు పంచారు. తర్వాత మూడేళ్లలోపే దాదాపు 23 వేల సీసపు గొట్టాలు తవ్వి తీసి రాగివి వేశారు. దేశమంతటా ఏ ఇంటికి ఏ గొట్టం ఉందో జాబితా తయారుచేసి జనానికి అందుబాటులో పెట్టాలన్న గడువు 2024 అక్టోబరుతో ముగిసింది. చాలా ఊళ్లలో ఇంటి చిరునామా కొట్టి చూసుకోవచ్చు. అద్దె ఇల్లు మాట్లాడుకునేటప్పుడు పార్కింగ్ ఉందా, డిష్‌వాషర్ ఉందా అని అడిగే మన పిల్లలు అడగాల్సిన మరో ప్రశ్న ఇది.

కాచి తాగితే చాలదా?

చాలదు. ఒక్కోసారి కాయడమే తప్పు!

మనకు తెలిసిన శత్రువు క్రిమి. వాంతులు, విరేచనాలు, కామెర్లు, టైఫాయిడ్. వీటికి కాయడాన్ని మించిన మందు లేదు. నీళ్లు బాగా తెర్లుతూ ఒక్క నిమిషం ఉంటే చాలు, క్రిములు చస్తాయి. కానీ సీసం చావదు. నైట్రేటు చావదు. కాచినకొద్దీ నీళ్లు ఆవిరైపోతాయి, అవి మాత్రం గిన్నెలోనే ఉండిపోతాయి. అంటే మిగిలిన నీళ్లలో మరింత చిక్కబడతాయి. పదినిమిషాలు తెర్లనిచ్చిన అమ్మ చేసింది అదే.

పైగా ఆమె తిప్పింది వేడినీళ్ల నల్లా. వేడినీళ్లు చల్లటి నీళ్లకన్నా ఎక్కువగా లోహాన్ని కరిగించుకుంటాయి. బాయిలర్ ట్యాంకులో, పైపుల్లో గంటల తరబడి నిలిచి ఉంటాయి. అందుకే తాగడానికీ వంటకూ, ముఖ్యంగా పసిపిల్లల పాలకూ, చల్లటి నీళ్ల నల్లానే వాడమని అక్కడి ఆరోగ్య సంస్థలు ఏళ్లుగా చెబుతున్నాయి. కొత్త ఇంట్లో, కొత్త పైపులున్నచోట దీనివల్ల పెద్ద ముప్పు లేకపోవచ్చు. ఎనభై ఏళ్లనాటి ఇంట్లో అదే పని పసిబిడ్డకు హాని. ఇల్లు ఎప్పటిదో అమ్మకు తెలియదు కదా!

2014 ఆగస్టులో ఒహైయో రాష్ట్రంలోని టొలీడో నగరంలో ఇంకో వింత జరిగింది. ఈరీ సరస్సులో పాచి విపరీతంగా పెరిగి దాని విషం నల్లా నీళ్లలోకి వచ్చింది. ''తాగొద్దు. కాచి అసలే తాగొద్దు'' అని నగరం హెచ్చరిక ఇచ్చింది. కాస్తే విషం చిక్కబడుతుంది. దాదాపు 4 లక్షల మంది మూడు రోజులు సీసా నీళ్లతో గడిపారు.

కాబట్టి అక్కడ నీళ్ల గురించి ఫోనుకో, టీవీలోనో హెచ్చరిక వస్తే పూర్తిగా చదవాలి. రెండు రకాలుంటాయి. 'కాచి తాగండి' అన్నది ఒకటి. 'తాగొద్దు' అన్నది ఇంకొకటి. రెండూ ఒకటి కావు. మొదటి రకాన్ని టెక్సస్‌లోని మనవాళ్లు బాగానే చూశారు. 2018 అక్టోబరులో వరదల బురద శుద్ధి కేంద్రాలను ముంచెత్తడంతో ఆస్టిన్ నగరమంతా వారం రోజులు నీళ్లు కాచుకొని తాగింది. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకు కరెంటు పోయి, పైపులు పగిలి, ప్రెషర్ పడిపోయింది. టెక్సస్‌లో కోటికి పైగా మందికి కాచి తాగమన్న హెచ్చరికలు వెళ్లాయి. ప్రెషర్ పోతే మన వీధిలో ఏమవుతుందో అక్కడా అదే భయం మరి.

మీటరు ఏం చెబుతుంది?

ఇక నాన్న మీటరు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం. అందులో కాల్షియం ఉంటుంది, మెగ్నీషియం ఉంటుంది, మామూలు ఉప్పు ఉంటుంది. మన బీఐఎస్ లెక్కలోనే లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా నిక్షేపంగా తాగొచ్చు. కాబట్టి 240కి పెదవి విరవాల్సిన పనిలేదు. మరి సీసం? అమెరికాలో 1991 నాటి నిబంధన ప్రకారం సీసం విషయంలో చర్య తీసుకోవాల్సిన స్థాయి లీటరుకు 15 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. 240 చూపించే మీటరులో అది ఆనవాలుకు కూడా కనిపించదు. క్రిములైతే అసలే కనిపించవు. మీటరు 50 చూపించిన నీళ్లలో సీసం ఉండొచ్చు, కలరా క్రిమి కూడా ఉండొచ్చు. అంకె తప్పు కాదు. అది చెప్పని సంగతిని మనం ఊహించుకోవడం తప్పు.

రుచి, వాసన కూడా ఇలాగే తప్పుదోవ పట్టిస్తాయి. నల్లా తిప్పగానే బ్లీచింగ్ పౌడరు వాసన వస్తే నీళ్లు చెడ్డవని మనవాళ్లు మొహం తిప్పుకుంటారు. నిజానికి ఆ వాసన కాపలాదారుడు మేలుకొని ఉన్నాడనడానికి గుర్తు. లీటరుకు 4 మిల్లీగ్రాములు మించకూడదని అమెరికాలో హద్దు ఉంది. వాసన పడకపోతే కార్బన్ ఫిల్టరున్న జగ్గు సరిపోతుంది.

లండన్ వెళ్లినవాళ్లకు ఇంకో ఫిర్యాదు ఉంటుంది. పప్పు ఓ పట్టాన ఉడకదు, కెటిల్ అడుగున సున్నం కడుతుంది. మన బోరునీళ్లతో వేగినవాళ్లకు ఇది కొత్తేం కాదు. సున్నం ఎక్కువున్న నీళ్లవి. కుక్కర్‌కు తిప్పలు గానీ కడుపుకు కాదు.

ఫ్లోరైడ్ అనగానే మాత్రం తెలంగాణ మనిషి ఉలిక్కిపడతాడు. నల్గొండ పల్లెల్లో వంగిపోయిన నడుములు, వంకర్లు తిరిగిన కాళ్లు చూసినవాళ్లం. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును 1937లోనే వైద్యులు గుర్తించి రాశారు. అలాంటిది అమెరికాలో చాలా ఊళ్లలో ఫ్లోరైడ్‌ను కావాలని నీళ్లలో కలుపుతారని తెలిస్తే ఎలా ఉంటుంది! పళ్లు పుచ్చిపోకుండా అని వాళ్ల లెక్క. 2015 నుంచి సిఫారసు చేస్తున్నది లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. మన దగ్గర 1 దాటకుండా ఉంటే మంచిదనీ, ఇంకో దారి లేకపోతే 1.5 దాకా సహించవచ్చనీ ప్రమాణం. నడుములు వంచిన బోరునీళ్లలో ఉన్నది దీనికి ఎన్నో రెట్లు. అయినా కలపాలా వద్దా అన్న వాదన అక్కడా తెగలేదు. 2025లో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు కలపొద్దని చట్టాలే చేశాయి.

దేశానికో తీరు

దుబాయ్‌లో సముద్రపు నీళ్ల ఉప్పు తీసి నల్లాలకు పంపుతారు. బయల్దేరినప్పుడు అవి శుభ్రమైన నీళ్లే. కానీ ఎండకు కాగే మేడ మీది ట్యాంకులో ఎన్నాళ్లు నిలిచాయి, ఆ ట్యాంకు ఎప్పుడు కడిగారు? కంపెనీ గదుల్లో పదిమందితో కలిసి ఉండే మన జిల్లాల పిల్లలు అడగాల్సింది నీళ్లు ఎక్కడివని కాదు, ట్యాంకు కడిగిన తేదీ ఎప్పుడని.

బ్రిటన్‌లో వంటింటి చల్లటి నల్లాకు నీళ్లు నేరుగా వీధి పైపు నుంచి వస్తాయి. పాత ఇళ్లలో స్నానాల గది నల్లాకు అటక మీది తొట్టి నుంచి వచ్చే అవకాశముంది. అందుకే రాత్రిపూట దాహమేస్తే వంటింటిదాకా నడవడమే మంచిది. 1970కి ముందు కట్టిన ఇళ్లలో సీసపు గొట్టాలు అక్కడా ఉండొచ్చు. జర్మనీలో ఇళ్లలో నల్లా నీళ్లు నిశ్చింతగా తాగుతారు. కానీ పార్కుల్లో, రైళ్లలో కొన్ని నల్లాల మీద 'కైన్ ట్రింక్‌వాసర్' అని రాసి ఉంటుంది. తాగే నీళ్లు కావని అర్థం. భాష రాకపోయినా ఈ రెండు ముక్కలు నేర్చుకొని వెళ్లాలి.

ఎంబీబీఎస్ చదువుకని ఫిలిప్పీన్స్‌కో, కిర్గిజ్‌స్తాన్‌కో వెళ్లే పిల్లలకు మాత్రం అమ్మ మాటే వేదం. కాచి చల్లార్చిన నీళ్లు, లేదా సీలు తీయని సీసా నీళ్లు. రోడ్డు పక్క షర్బత్‌లో ఐసు ముక్కలు కూడా నల్లా నీళ్లతో చేసినవేనని మరచిపోకూడదు. 'విదేశం' అనే ఒక్క మాటలో అన్ని నల్లాలనూ కలిపి కట్టేయడం వల్లే చాలామంది దెబ్బతింటారు.

వెళ్లేముందు, వెళ్లాక

* ఉండబోయే ఊరి నీళ్ల నివేదిక ఒకసారి చదవండి. అర్థంకాకపోతే పిల్లలతో చదివించుకోండి. హద్దు దాటిన అంశాలేమైనా ఉన్నాయా అన్నది చూస్తే చాలు.

* ఇల్లు ఎప్పుడు కట్టారో, వీధి నుంచి వచ్చే గొట్టం దేనిదో ఇంటి ఓనరును అడగండి. అనుమానముంటే నీళ్లు సీసం పరీక్షకు పంపించండి. చాలా ఊళ్లలో నీళ్ల సంస్థకు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

* తాగడానికి, వంటకు చల్లటి నల్లానే. రాత్రంతా నిలిచిన నీళ్లు పొద్దున్నే కాసేపు వదిలేశాక పట్టుకోండి. ఆ వదిలిన నీళ్లు మొక్కలకు పోసుకోవచ్చు.

* ఫిల్టరు కొంటే దేన్ని తీస్తుందో చూసి కొనండి. అమెరికాలో సీసాన్ని తీసేదైతే పెట్టె మీద 'ఎన్‌ఎస్‌ఎఫ్ 53' అని, సీసం పేరుతో సహా ఉండాలి. వాసన తీసే జగ్గులన్నీ సీసాన్ని తీయవు. గుళిక మార్చాల్సిన గడువు దాటనివ్వొద్దు.

* ఇంట్లో గర్భిణి, పసిపిల్లలు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లు ఉంటే డాక్టరును ఒక్కమాట అడగండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు సరిపోయే నీళ్లు వాళ్లకు సరిపోకపోవచ్చు. డబ్బాపాలు ఏ నీళ్లతో, ఎంత వేడిలో కలపాలో కూడా ఆయన్నే అడగాలి.

ఇప్పుడు మళ్లీ ఆ వంటింట్లోకి వెళ్దాం. కూతురు ఊరి నివేదిక చదివి, ఇంటి గొట్టం రాగిదని తేల్చుకొని తాగితే ఆమెదే ఒప్పు. అందరూ తాగుతున్నారని తాగితే మాత్రం కాదు. నాన్నకు నీళ్లను పరీక్షించాలన్న బుద్ధి పుట్టడం మంచిదే, పట్టుకున్న పనిముట్టే సరైంది కాదు. అమ్మకు పసిదాని విషయంలో ఎవరి మాటా గుడ్డిగా నమ్మకూడదని తెలుసు. తిప్పాల్సిన నల్లా ఒక్కటే ఆమె మార్చుకోవాలి. నీళ్లు ఏ దేశానివన్నది కాదు, ఏ దారిన వచ్చాయన్నదే ముగ్గురూ చూడాల్సింది.

మనవడు ఊరొస్తే...

కథ ఇక్కడితో అయిపోలేదు. నాలుగేళ్లు పోయాక ఆ పిల్ల సెలవులకు హన్మకొండ వస్తుంది. ఆడి ఆడి దాహమేసి, స్టూలు లాక్కొని, వాష్‌బేసిన్ నల్లా తిప్పి దోసిలి పడుతుంది. అమ్మమ్మ వంటింట్లోంచి పరుగున వస్తుంది. ''వద్దు బిడ్డా! గవి తాగొద్దు!''

''ఎందుకు అమ్మమ్మా? నల్లా నీళ్లే కదా!''

ఆ ప్రశ్నకు మన దగ్గర జవాబేముంది? మన దేశంలో ఇది జరగని పనేం కాదు. 2021 జులైలో ఒడిశాలోని పూరీలో 24 గంటలూ నల్లా నుంచి నేరుగా తాగగలిగే నీళ్లివ్వడం మొదలుపెట్టారు. దేశంలో అలా ఇచ్చిన మొదటి నగరం అదే. జగన్నాథుడి రథయాత్రకు లక్షల మంది వచ్చే ఊరు చేయగలిగినప్పుడు, చెరువుల నగరంగా పేరున్న ఓరుగల్లు చేయలేదా?

అప్పటిదాకా చేయగలిగింది ఒకటుంది. నీళ్లొచ్చే వేళకు లైన్‌మన్ వస్తే క్లోరోస్కోప్‌తో మన నల్లా నీళ్లు పరీక్షించమని అడగొచ్చు. మందు చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగులోకి తిరగాలి. చివరి ఇంటి నల్లా దగ్గర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది మన ప్రమాణమే. నల్లాకు బిగించిన మోటారు తీసేయొచ్చు. సంపు కడిగించి తేదీ గోడ మీద రాయొచ్చు. వార్డు ఆఫీసుకు వెళ్లినప్పుడు పన్ను రసీదుతోపాటు ఇంకో కాగితం కూడా అడగొచ్చు. పోయిన నెల మా వీధి నీళ్లు పరీక్ష చేస్తే ఏం తేలిందని. పది ఇళ్లవాళ్లు అడిగితే పట్టించుకోకపోవచ్చు. వీధంతా అడిగితే కాగితం తయారవుతుంది.